ఆర్సీ బుక్కులో మిగిలిన పేరు

నందిగామ కోర్టు ఆవరణలో ప్రహరీ గోడకి ఆనించి వేసిన రేకుల పందిరి కింద రామచంద్రమూర్తి గారు టైపు మిషను పెట్టుకుని కూర్చునేవారు. అఫిడవిట్లు, అద్దె ఒప్పందాలు, పేరు మార్పిడి దరఖాస్తులు, ఏది కావాలన్నా పేజీకింత అని తీసుకుని కొట్టిపెట్టేవారు. ఆయన కొట్టిన కాగితాన్ని ప్లీడర్లు మళ్లీ చదవకుండానే సంతకం పెట్టేవాళ్లు. అంత నమ్మకం. అలాంటి మనిషి జన్మలో ఒక్కసారి, తెలిసి తెలిసి, ఒక అబద్ధాన్ని నాలుగు కాపీలు కొట్టారు. ఎందుకు కొట్టారో, దానివల్ల ఏమైందో తర్వాత ఆయనే నాకు చెప్పారు.

నేను ఆయన శిష్యుణ్ణి. బస్టాండు వెనక సందులో మేడ మీద ఆయనకి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పధ్నాలుగు మిషన్లు, పొద్దున ఆరింటి నుంచి గంటకో బ్యాచి. షార్ట్‌హ్యాండ్ ఆయన భార్య చూడామణి గారు చెప్పేవారు. వాళ్లకి పిల్లల్లేరు. ఊళ్లో సగం మంది గుమాస్తా ఉద్యోగాలు ఆ మేడ మీదే మొదలయ్యాయి. 1986లో నేను టైపు హయ్యర్ పరీక్ష పాసైందీ అక్కడే.

అప్పట్లో మాస్టారికో కారుండేది. 1954 నాటి ఫియట్. విజయవాడలో ఒక డాక్టరు గారు వాడి పక్కన పెట్టేస్తే మాస్టారు కొన్నారు. బూడిద రంగు. గేరు స్టీరింగు పక్కనే ఉండేది, ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి. టైపు పరీక్షలు విజయవాడలో జరిగేవి. ఎవరి మిషను వాళ్లే మోసుకెళ్లాలి. రెండు మిషన్లు డిక్కీలో, మిగతావి ఒళ్లో పెట్టుకుని, అయిదుగురం ఆ కార్లో ఇరుక్కుని కూర్చునేవాళ్లం. ఇబ్రహీంపట్నం దాకా ఆయన ఒక్క మాట మాట్లాడేవారు కాదు. అక్కడ బండి ఆపి, వేళ్లు చల్లబడకుండా చూసుకోండి అని మాత్రం అనేవారు.

తొంభైల్లో కంప్యూటర్లొచ్చాయి. బ్యాచిలు పలచబడ్డాయి. ఎలక్ట్రానిక్ టైప్‌రైటర్ పెడితే మళ్లీ జనం వస్తారని ఎవరో చెబితే, దానికోసం 1995లో ఆయన కారు అమ్మేశారు. కొన్నది జగ్గయ్యపేటలో లారీ బుకింగ్ ఆఫీసు నడిపే వరప్రసాదరావు. ఆయనా, భార్య భారతీదేవీ బస్సులో వచ్చి, కారులో తిరిగి వెళ్లారు. పదమూడు వేలు. నలభై ఏళ్ల కారుకి అప్పుడది మంచి ధరే, ఇంకెవరైనా ఇనుప సామాను కింద తూచేవాళ్లు. మాస్టారు ఆర్సీ బుక్కు ఇచ్చి, అమ్మినట్టు తెల్లకాగితం మీద రాసిచ్చారు. పేరు మార్పిడి విజయవాడ ఆఫీసులో తానే చేయించుకుంటానన్నాడు వరప్రసాదరావు. చేయించుకోలేదు. పాత బండికి అంత శ్రమ ఎవరూ పడని రోజులవి.

ఎలక్ట్రానిక్ మిషను కూడా ఇన్‌స్టిట్యూట్‌ని నిలబెట్టలేదు. 2001లో మూసేశారు. పదమూడు పాత మిషన్లూ, ఆ ఎలక్ట్రానిక్‌దీ కిలోల లెక్కన పోయాయి. మిగిలిన ఒక్కదానితో ఆయన కోర్టు పందిరి కిందికి చేరారు.

2005 చివర్లో చూడామణి గారికి కాళ్లు వాచాయి. రెండు కిడ్నీలూ పనిచెయ్యట్లేదని విజయవాడలో తేల్చారు. వారానికి రెండుసార్లు డయాలిసిస్. పొద్దున్నే నందిగామలో బస్సెక్కి వెళ్లి, నాలుగు గంటలు మంచం మీద సూదులతో ఉండి, మళ్లీ బస్సులో వచ్చేవాళ్లు. తన కిడ్నీ ఇస్తానన్నారు మాస్టారు. ఆయనకే షుగరుంది, కుదరదన్నారు. ఇల్లు అమ్మి ఒక వాటాలో అద్దెకి దిగారు. ఆ డబ్బు ఎన్నాళ్లొస్తుందో ఆయనకి తెలుసు. ఆమెకి తెలియనివ్వలేదు. మూడు వారాలకి ఆరుసార్లు వెళ్లాల్సింది అయిదుసార్లు చేశారు. అడిగితే, డాక్టరే చాలన్నారని చెప్పారు. ఒకసారి మానేసిన వారం ఆమెకి ఊపిరాడేది కాదు. దిళ్లు ఎత్తు పెట్టుకుని కూర్చునే ఉండేది. ఎదురుగా ఆయనా కూర్చునే ఉండేవారు.

అలాంటి రోజుల్లో, 2006 జూన్‌లో, ముప్పై ఏళ్ల మనిషొకడు పందిరి కిందికి వచ్చి, రామచంద్రమూర్తి గారంటే మీరేనా అని అడిగాడు. పేరు నవీన్‌బాబు. పాత కార్లు వెతికి హైదరాబాదు వాళ్లకి ఇప్పించడం అతని వ్యాపారం. అక్కడ డబ్బున్న వాళ్లు, తమ తాతల నాటి కార్లంటే ఎంతైనా పెడుతున్నారని చెప్పాడు. జగ్గయ్యపేటలో ముక్త్యాల రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో 1954 ఫియట్ దొరికింది. ఒక్క వస్తువు కూడా మారలేదు. రెండు లక్షల డెబ్బై వేలకి బేరమైపోయింది.

“బండి భారతీదేవి గారిది సార్. ఆర్సీలో మాత్రం ఇంకా మీ పేరే ఉంది. రెండు ఫారాల మీద సంతకం పెడితే చాలు. మీ శ్రమకి అయిదువేలిస్తా,” అన్నాడు.

మాస్టారు ఆ ధరని మళ్లీ చెప్పమన్నారు. అతను చెప్పాడు. ఆలోచించుకుని చెబుతానన్నారు. ఆ పూట ఒక అద్దె ఒప్పందం కొడుతూ ఒకే వాక్యం రెండుసార్లు కొట్టారు. ఆయన చేతిలో అలాంటిది జరగడం అదే మొదలు.

నాలుగు రోజులకి భారతీదేవే వచ్చింది. వరప్రసాదరావు మూడేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. బుకింగ్ ఆఫీసు అప్పుడే పోయింది. షెడ్డు పక్క గదిలో ఉంటూ, చీరలకి ఫాల్స్ కుట్టుకుని బతుకుతోంది. ఆ స్థలం ప్లాట్లు వేసేవాళ్లు కొన్నారు, దసరా లోపల ఖాళీ చెయ్యమన్నారు. ఊరవతల భర్త కొన్న రెండు సెంట్లలో ఒక ఇంటి పునాది లేచి ఆగిపోయి ఉంది. కారు డబ్బుతో దానిమీద గోడలు లేపి రేకులు వేసుకుందామని ఆమె ఆశ. ఇవన్నీ ఆమె దాచకుండా చెప్పింది. మాస్టారు రాసిచ్చిన కాగితం చెదలు తినేసిందని కూడా చెప్పింది. ఆర్సీ బుక్కు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా తెచ్చింది.

“మా ఆయన అప్పుడే మార్పించుకోవాల్సింది మాస్టారూ. బద్ధకించారు. మీరో సంతకం పెడితే పనైపోద్ది.”

“సగం నాకివ్వండి,” అన్నారు మాస్టారు.

ఆమె ముందు వేళాకోళం అనుకుంది. ఆయన మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

“మీరు అమ్మేసిన బండి గదండీ.”

“కాయితం మీద నా పేరే ఉందమ్మా.”

 ఆమె మెల్లగా అడిగింది. “మీకేమన్నా ఇబ్బందా మాస్టారూ?”

చెప్పడానికి అదే సమయం. నా భార్య చచ్చిపోతోందని చెప్పొచ్చు. మూడు మాటలు. చుట్టూ ప్లీడర్లున్నారు, గుమాస్తాలున్నారు. ముప్పై ఏళ్లు ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషి. అడుక్కోవడం కంటే లాక్కోవడమే తేలికనిపించింది ఆయనకి.

“అది మీకనవసరం,” అన్నారు.

ఇరవై వేలిస్తానంది ఆమె. ఆయన తల అడ్డంగా ఊపి, మిషనులో కొత్త కాగితం ఎక్కించుకున్నారు. ఆమె కవరు చంకలో పెట్టుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది.

కోర్టులో ఆయనకి తెలిసిన ఒక ప్లీడరున్నాడు. సంగతి విని, బండి అమ్మకుండా ఇంజంక్షన్ తెస్తే ఆవిడ వారంలో సగానికి దిగొస్తుందని చెప్పాడు. దావా జగ్గయ్యపేట కోర్టులో వెయ్యాలి. ఫీజు తర్వాత చూసుకుందామన్నాడు. అఫిడవిట్టు మాస్టారే కొట్టుకున్నారు. ‘సదరు వాహనమును ప్రతివాది భర్తకు వాడుకొనుటకు మాత్రమే ఇచ్చియుంటిని. విక్రయించి యుండలేదు.’ ఒరిజినల్‌కి మూడు కార్బన్లు పెట్టి కొట్టారు. ఎక్కడా దిద్దుబాటు లేదు.

ఇంజంక్షన్ వచ్చింది. భారతీదేవి మాత్రం దిగిరాలేదు. కోపంతో కాదు. ఆమెకి దిగొచ్చే వీలే లేకుండా పోయింది. తగాదాలో ఉన్న బండి తనకొద్దని హైదరాబాదు ఆసామీ గుంటూరులో ఇంకో కారు చూసుకున్నాడు. నవీన్‌బాబు పందిరి దగ్గరికి వచ్చి, మీరిద్దరూ బాగుపడే దారి చెడగొట్టారు సార్ అని చెప్పి, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్లిపోయాడు.

అక్కడితో ఆగిపోవచ్చు గదా అని నేనడిగాను. అప్పుడు బుర్రలో ఆ అంకె తప్ప ఏమీ ఉండేది కాదన్నారు. బస్సులో కూర్చున్నా, ఆస్పత్రి వరండాలో కూర్చున్నా, రెండు లక్షల డెబ్బైలో సగం ఎన్ని డయాలిసిస్‌లకి వస్తుందో లెక్క కట్టుకునేవారట. ఒకటి పోతే ఇంకో ఆసామీ రాకపోతాడా అనుకున్నారట. ఏటికేడాది వీటి ధర పెరుగుతుందని నవీన్‌బాబు అన్న మాట పట్టుకుని వేలాడారు. ధర పెరుగుతుంది, నిజమే. చూడామణి గారికి ఏడాది లేదు.

సెప్టెంబరులో స్థలం కొన్నవాళ్లు షెడ్డు రేకులు విప్పేశారు. భారతీదేవి ఊళ్లో ఎవరో వంటగది ఇస్తే అందులోకి మారింది. అమ్మకూడదు, ఊరు దాటించకూడదు కాబట్టి కారుని స్థలం మూలకి తోయించి టార్పాలిన్ పట్టా కప్పించింది. ఆ నెలలో వానలు దంచికొట్టాయి. పట్టా గాలికి పోయింది. ఎవరో ముందు దీపాలు పీక్కుపోయారు. ఆ తర్వాత కార్బురేటర్ పోయింది.

ఇదంతా చూడామణి గారికి అక్టోబరులో తెలిసింది. ఆ రోజు డయాలిసిస్ మంచం మీద పడుకుని, రిపోర్టుల కోసం ఖాళీగా ఉన్న చేత్తో భర్త సంచీలో వెతుకుతుంటే, కార్బన్ కాపీ చేతికొచ్చింది. నాలుగు గంటల్లో దాన్ని ఎన్నిసార్లు చదివిందో. మాస్టారు వరండాలో ఉన్నారు, చూడలేదు. తిరుగు బస్సులో, కంచికచర్ల దాటారు, కీసర వంతెన మీద ఉన్నారు. అప్పుడు కాగితం తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

“ఇది మీరే కొట్టారా?”

ఆయన ఊఁ అన్నారు.

“అమ్మిన రోజు నేనక్కడే ఉన్నా గదండీ. ఆవిణ్ణి కూర్చోబెట్టి మాట్లాడింది నేనే.”

“నీకోసమే చేశా.”

“నాకోసమని ఇందులో ఎక్కడా లేదే,” అంది.

 ఆమె అలిసిపోయి ఉంది. గొంతు పెంచలేదు. దావా తీసేయమంది. ఆ డబ్బుతో ఆస్పత్రికి రమ్మంటే బస్సెక్కనంది. వచ్చే వాయిదాకి తీసేస్తానని ఆయన మాటిచ్చారు.

వాయిదా వచ్చింది. మాస్టారు జగ్గయ్యపేట వెళ్లారు. భారతీదేవి బెంచీ చివర కూర్చుని ఉంది, ఈయన వైపు కోపంగా కూడా చూడలేదు. అవతలి ప్లీడరు రాజీ మాట ఎత్తేట్టున్నాడు, ఇంకొక్క వాయిదా ఆగండని ఈయన ప్లీడరు చెవిలో చెప్పాడు. ఆగారు. ఆ వారం చూడామణి గారికి మళ్లీ ఊపిరాడలేదు. ఆక్సిజన్ పెట్టాల్సొచ్చింది. ఆ స్థితిలో కూడా ఆమె ఒక్కసారి అడిగింది, తీసేశారా అని.

“తీసేశా,” అన్నారు ఆయన.

ఆమె నమ్మింది. ఆవిడ ఎలా ఉందీ, ఏమందీ అని అడిగింది. ఏమీ అనలేదు, నీ ఒంట్లో ఎలా ఉందని అడిగింది అని చెప్పారు. చూడామణి గారు ఆ మాటకి సంతోషించారు. ఒంట్లో కాస్త బాగుంటే ఒకసారి జగ్గయ్యపేట వెళ్లి పలకరించి వద్దాం అంది. అఫిడవిట్టులో రాసింది ఒక అబద్ధం, ఇది రెండోది, మొదటి దానికి కోర్టులో జరిమానా కట్టా, దీనికి ఎక్కడ కట్టను అని మాస్టారు చాలా ఏళ్లకి నన్ను అడిగారు. 

2007 జనవరిలో సూది పెట్టేచోట చీము పట్టి, జ్వరం తగిలి, మూడు రోజుల్లో చూడామణి గారు పోయారు. ఎంత డబ్బు పెట్టినా ఆగేది కాదని డాక్టర్లు చెప్పారు. అది విని ఆయనకి ఊరట కలగలేదు. అయితే ఇదంతా దేనికి చేశాను అన్న ప్రశ్న ఒక్కటి మిగిలింది.

కర్మకాండలు అయిన వారానికి ఆయన గుండుతోనే జగ్గయ్యపేట కోర్టుకి వెళ్లారు. ప్లీడరుకి చెప్పలేదు. దావా ఉపసంహరించుకుంటున్నట్టు సొంతంగా కాగితం కొట్టుకెళ్లారు. జడ్జి గారు చదివి, రాజీ అయిందా అని అడిగారు.

“లేదండి. బండి నేను అమ్మాను. పదమూడు వేలకి. అమ్మలేదని రాసింది అబద్ధం.”

 ఎందుకు రాశారని జడ్జి గారు అడిగారు. దానికి మాత్రం ఆయన నోరు విప్పలేదు. తప్పుడు ప్రమాణం కింద కేసు పెట్టొచ్చని జడ్జి గారు గట్టిగా మందలించారు. ఇన్నేళ్లు కోర్టుల నీడలో బతికినవాడని, వయసు చూడమని అవతలి ప్లీడరే అడ్డుపడ్డాడు. చివరికి ప్రతివాదికి ఖర్చుల కింద రెండువేలు కట్టమని వదిలేశారు. కోర్టు వరండాలోనే ఆయన రెండు ఫారాల మీదా సంతకం చేశారు. భారతీదేవి అవి తీసుకుంది. ఆయన గుండు వైపు చూసింది కానీ ఏమీ అడగలేదు. ఎవరో పెద్దవాళ్లు పోయుంటారు అనుకుందట.

అప్పటికి ఆ కారుని ఎవరడుగుతారు? లోపల ఎలకలు కాపురం పెట్టాయి, నేల తుప్పుపట్టి ఊడిపోయింది. పాత ఇనుము వాళ్లు ఎనిమిది వేలకి అడిగారు. ఆమె ఇవ్వలేదు. బంధువులొకరి కళ్లంలో పెట్టించింది. ఇంకో రెండేళ్లు వంటగదిలోనే ఉంది.

2009 వేసవిలో నవీన్‌బాబు మళ్లీ వచ్చాడు. ఆ మోడలు ఇప్పుడు దొరకడం లేదని, బాగుచేసి నిలబెట్టిన కారు హైదరాబాదులో అయిదు లక్షలు దాటిందని చెప్పాడు. దీపాలు లేకపోయినా, నేల ఊడిపోయినా, ఆ వెనక్కి తెరుచుకునే తలుపులు ఉన్నాయి, ఒరిజినల్ ఇంజను ఉంది, చాలన్నాడు. లక్షా ఎనభై వేలిచ్చాడు. పాత సంతకాలకి గడువు దాటిందని ఆర్టీయే ఆఫీసులో అంటే, మాస్టార్ని జగ్గయ్యపేట రమ్మని కబురంపారు. ఆయన మొదటి బస్సుకే వెళ్లారు.

కళ్లంలో కారుని లారీ మీదికి ఎక్కిస్తున్నారు. అయిదారుగురు తోస్తున్నారు. చక్రాలు తిరగడం లేదు. మాస్టారు నవీన్‌బాబు చూపించిన చోటల్లా సంతకం పెట్టి, పెన్ను తిరిగిచ్చేసి, వేపచెట్టు కింద నిలబడ్డారు. భారతీదేవి వచ్చి పక్కన నిలబడింది. అమ్మగారు కులాసానా అని అడిగింది. అడగాలని అడిగింది, అంతే.

“పోయిందమ్మా. రెండున్నరేళ్లయింది. కిడ్నీలు,” అన్నారు.

ఆమె కళ్లు మూసుకుని వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

“అంటే ఆ రోజు మీ కోర్టుకి నేనొచ్చినప్పుడు...”

“అప్పటికే డయాలిసిస్‌లో ఉంది.”

“నేనడిగా గదా మాస్టారూ.”

“అడిగారు.”

లారీ వెనక తలుపు బిగిస్తున్నారు. ఆయనకి అడగకూడదనిపించింది, అయినా అడిగారు. “చెప్పుంటే ఇచ్చేవారా?”

 లారీ కదిలి, కళ్లం దాటి, రోడ్డెక్కేదాకా ఆమె చూస్తూనే ఉంది.

“ఏమోనండి. ఇచ్చేదాన్నని ఇప్పుడు చెప్పడం తేలిక. అప్పుడు నాకు నిలువ నీడ లేదు. ఇచ్చేదాన్నో లేదో నాకే తెలీదు. కానీ బండి మాత్రం కోర్టుకెళ్లేది కాదు,” అంది.

మాస్టారు తలూపారు. క్షమించమని ఆయన అడగలేదు. ఆమె కూడా ఆ మాట ఎత్తలేదు. ఎండగా ఉంది, భోజనం చేసి వెళ్లమంది. వద్దన్నారు. చిల్లకల్లు దాకా ఆటో మాట్లాడి, డబ్బులు ఆమే ఇవ్వబోతే ఆయన ఆపేశారు. అక్కడ నందిగామ బస్సు కోసం గంటకు పైగా నిలబడాల్సొచ్చింది. వచ్చిన బస్సు నిండుగా ఉంది. నందిగామ దాకా నిలబడే వచ్చారు.